రెండు ఊళ్ల ఉగ్గు

ఉగ్గుపాలతో వచ్చిన విద్య అని పెద్దలు అంటుంటారు. ఉగ్గు చేసే విద్య మాత్రం ఎవరికీ ఉగ్గుపాలతో రాదు. నాకైతే ముప్పై దాటాక, ఒక ఆడపిల్లకు తండ్రినయ్యాక, స్టవ్ ముందు నిలబడి రెండు ఊళ్ల మధ్య నలిగి నలిగి వచ్చింది.

ఆ రెండు ఊళ్లు మిర్యాలగూడ, కోదాడ. మొదటిది నాది, రెండోది నా భార్యది. మేం కాపురం పెట్టింది ఆ రెండూ కాకుండా సూర్యాపేటలో. ఆమె ఇక్కడి డిపోలో బస్సు కండక్టరు. నాది డి.టి.పి. పని. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, జిరాక్సులు. కిరాయి ఇంటి ముందు గదే నా షాపు. కంప్యూటరు ఎక్కడ పెడితే అక్కడ నడుస్తుంది, బస్సు అలా కాదు గదా. కదలాల్సింది నేనేనని పెళ్లినాడే తేలిపోయింది. అందుకు నాకేం బాధ లేదు. ఉదయం పూట ఆమె టికెట్ మిషన్ మెడలో వేసుకొని బయల్దేరుతుంటే వీధి చివరిదాకా చూసేవాణ్ణి. ఇప్పటికీ చూస్తాను.

పాపకు ఆరో నెల నిండేసరికి ఆమె సెలవు కూడా అయిపోవచ్చింది. ఆమె డ్యూటీకి పోతే పగలంతా పాపను చూడాల్సింది నేనే. అదీ పెద్ద చిక్కు కాదు, పాప నా దగ్గర బాగానే ఉంటుంది. కానీ తల్లిపాలు తప్ప ఏదీ ముట్టదు. ఆమె వెళ్లేలోగా పాప నా చేత్తో నాలుగు ముద్దల ఉగ్గు తినాలి. తినకపోతే ఆమె వెళ్లలేదు. మా ఇంట్లో ఆ రోజుల్లో ఇంకో సమస్య లేదు, ఉన్నా మాకు కనబడలేదు.

ఆ ఉద్యోగం ఆమెకు ఊరికే రాలేదు. ఆడపిల్లకు బస్సులో పనేమిటని వాళ్లింట్లో అందరూ అడ్డం పడ్డారు. అందరికంటే ఎక్కువ అడ్డం పడింది వాళ్లమ్మే. ఈమె తిండి మానలేదు, ఏడవలేదు, మాట్లాడటం మానేసింది. నెలలపాటు ఇంట్లో మూగనోము పట్టి, చివరికి సాధించుకుంది. అలాంటి మనిషి పాప పుట్టాక రోజూ ఒకసారి యూనిఫాం తీసి, దులిపి, మళ్లీ మడతపెట్టి లోపల పెట్టేది. నేను చూడనట్టు ఉండేవాణ్ణి.

ముందుగా రంగంలోకి దిగింది మా అమ్మ. దవాఖానలో డాక్టరమ్మ ఆరో నెల నిండాక ఉగ్గు మొదలుపెట్టమన్నదని ఫోన్లో చెప్పానో లేదో, మర్నాడే మిర్యాలగూడ నుంచి బస్సులో ఒక స్టీలు డబ్బా దిగింది. మా నాన్న పనిచేసే మిల్లులో ఆ వానాకారు కొత్త పంట అప్పుడే ఆడించారట. అందులో మేలురకం సన్నబియ్యం ఏరి, పెసరపప్పు చేర్చి, వేయించి, తిరగలిలో విసిరి పంపింది. డబ్బా మూత తీస్తే పిండి మల్లెపువ్వులా తెల్లగా ఉంది.

“డబ్బా అందిందారా?” అని ఫోన్ చేసింది. “రేషన్ షాపులనే సన్నబియ్యం ఇస్తున్నరు ఇప్పుడు. మన బిడ్డకు అంతకంటే సన్నయి పెట్టొద్దా? ఊరూరికి బియ్యం పంపేటోళ్లం మనం.”

మిర్యాలగూడ వాళ్లకు బియ్యం గురించి ఒకరు చెప్పనక్కర్లేదని మా నమ్మకం. చిన్నప్పుడు మాకు ఊరంటే మిల్లులే. ఇంట్లో ఉతికిన బట్టల మీద కూడా తవుడు వాసన. పెళ్లిచూపులకు ఏ ఊరు వెళ్లినా మా నాన్న పెళ్లికూతురి కంటే ముందు విస్తట్లో అన్నం చూసేవాడు. అలాంటి ఇంటినుంచి వచ్చిన ఉగ్గు కదా అని నేను ధీమాగా వండాను. నెయ్యి చుక్క వేశాను. డాక్టరమ్మ చెప్పినట్టే ఉప్పూ చక్కెరా వేయలేదు. చల్లార్చి, ఒళ్లో కూర్చోబెట్టుకొని చెంచా నోటి దగ్గర పెట్టాను.

పాప చెంచా వైపు చూసింది. నావైపు చూసింది. నోరు తెరిచింది. ఉగ్గు లోపలికి పోయింది గానీ ముందుకు పోలేదు. అంగిట్లో అతుక్కుపోయింది. నాలుకతో నెట్టి నెట్టి, మొహం అంతా ముడుచుకొని, చివరికి నా చొక్కా మీద కక్కేసింది. మర్నాడూ అంతే. మూడోనాడు చెంచా చూడగానే మొహం తిప్పుకుంది.

ఈ కబురు కోదాడ ఎలా చేరిందో నన్నడగకండి. మా ఆవిడ వాళ్లమ్మతో రోజూ మాట్లాడుతుంది, నేను వినను. రెండోపూటకల్లా మా అత్త ఫోన్. మా అత్త మాట నెమ్మది, మర్యాద మరీ ఎక్కువ. కోదాడ దాటితే ఆంధ్రే కాబట్టి ఆ గాలి కొంచెం తగిలిన మాట.

“బాబూ, మీ అమ్మగారు చేసింది చక్కగానే ఉంటుంది. నేనూ కాస్త ఉగ్గు చేసి పంపాను. ఒకసారి పెట్టి చూడండి. వదినగారికి మాత్రం చెప్పొద్దులెండి. ఏమన్నా అనుకుంటారు.”

ఆ మధ్యాహ్నం మా ఆవిడతో పనిచేసే ఒకామె కోదాడ బస్సులోంచి ఇంకో స్టీలు డబ్బా తెచ్చి ఇచ్చింది. ఈ పిండి కాస్త గోధుమరంగు, గరుకు గరుకుగా ఉంది. జీలకర్ర వాసన వేస్తోంది. వంటింటి గూట్లో రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి కాసేపు చూస్తూ నిలబడ్డాను. వియ్యపురాళ్లిద్దరూ పెళ్లి పందిట్లో ఇలాగే కూర్చున్నారు, ఒకరినొకరు గౌరవించుకుంటూ, ఒక్క మాటా మాట్లాడుకోకుండా.

నాది మొదటినుంచీ తగువులు పడని స్వభావం. పెళ్లి కార్డుల పనిలో అది ఇంకా ముదిరింది. ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద అని రెండు వైపులవాళ్లూ నా ముందే కొట్టుకుంటుంటే, రెండు పేర్లనూ ఒకే వరుసలో, ఒకే సైజులో కూర్చి పంపేవాణ్ణి. ఉగ్గు దగ్గరా అదే తెలివి ఉపయోగించాను. ఒకరిది పెట్టి ఒకరిది వదిలేస్తే రేపు ఎవరిది తిన్నదని రెండు ఫోన్లు వస్తాయి. రెండూ సమంగా కలిపి వండితే ఎవరికి ఏం చెప్పినా అబద్ధం కాదు. పాము చావకుండా, కర్ర విరగకుండా పని అయిపోతుంది. మా ఆవిడతో చెబితే ఆమె కూడా “ఇదేదో బాగానే ఉంది” అంది. వాళ్లమ్మ మాటా నిలబడుతుంది, అత్తగారి మాటా నిలబడుతుంది.

పాము చావలేదు, కర్రే విరిగింది. ఆ ఉగ్గు ఎంతసేపు ఉడికించినా ఒక దారికి రాలేదు. సగం జిగురై గిన్నెకు పట్టుకుంది. సగం పలుకుపలుకుగా మిగిలింది. గరిటెతో రుద్ది, వడకట్టి, మళ్లీ నీళ్లు పోసి, ఏదో చేశాననిపించాను. పాపకు ఆకలిగా ఉందేమో, నోరు తెరిచింది. రెండో చెంచాకు ఒక ఉండ గొంతులో అడ్డం పడి పొలమారింది. దగ్గి దగ్గి మొహం కందిపోయింది. మా ఆవిడ పరుగున వచ్చి నా ఒళ్లోంచి లాక్కొని భుజాన వేసుకొని వీపు నిమిరింది. కాసేపటికి పాప తేరుకుంది.

పాప పాలు తాగి పడుకున్నాక ఆమె నెమ్మదిగా అంది. “నావల్ల కాదండీ. జీతం లేని సెలవు పెట్టేస్తా. దానికి ఏడాది దాటనివ్వండి.”

ఏడాది దాటాక ఇంకో కారణం వస్తుందని ఆమెకూ తెలుసు. పిల్ల కంటే ఉద్యోగం ఎక్కువా అని అనడానికి చుట్టాలు అప్పుడే గొంతు సవరించుకుంటున్నారు. ఆ పూట ఆమె యూనిఫాం బయటికి తీయలేదు. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే.

ఆ వారంలోనే మా అమ్మ చెప్పాపెట్టకుండా దిగింది. ఆడవాళ్లకు బస్సు ఉచితమైనప్పటి నుంచీ మా అమ్మ ఆధార్ కార్డు కొంగున కట్టుకొని తిరుగుతోంది. మనవరాలు ఉగ్గు తింటే కళ్లారా చూడాలట. నేను స్టవ్ ముందు ఉన్నాను. గట్టు మీద రెండు డబ్బాలూ మూతలు తెరిచి ఉన్నాయి. చెంచాతో దీన్నుంచి ఇంత, దాన్నుంచి ఇంత తీస్తున్నవాణ్ణి తీస్తున్నట్టే ఆగిపోయాను.

“గా రెండో డబ్బా ఏందిరా?”

చెప్పక తప్పలేదు. మా ఆవిడ గుమ్మంలో పాపను ఎత్తుకొని నిలబడి, ఏ క్షణాన ఏం పగులుతుందో అన్నట్టు చూస్తోంది. నేను తప్పంతా నా మీద వేసుకొని, ఇద్దరినీ నొప్పించకుండా కలిపి పెడుతున్నాననీ, అయినా పాప తినడం లేదనీ, పొలమారిందనీ చెప్పాను.

మా అమ్మ కొంగు నడుముకు దోపి గిన్నె ముందుకు లాక్కుంది. ఉడుకుతున్న ఉగ్గు వేలితో తీసి, రెండు వేళ్ల మధ్య నలిపి, నాలుక మీద వేసుకుంది. “ఏందిరా ఇది? పాత గింజ, కొత్త గింజ ఒక్క గిన్నెల ఉడుకుతయారా? కొత్తది జిగురైతది, పాతదానికి ఇంకింత సేపు కావాలె. మిల్లుల సుత ఎవడన్న గిట్ల కలుపుతడా? మీ నాయిన ఇంటే నవ్వుతడు.”

తర్వాత కోదాడ డబ్బాలోంచి చిటికెడు పిండి తీసి నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది. ఇంకో చిటికెడు వేసుకుంది. మొహంలో కోపం ఉందో లేదో నాకు తెలియలేదు.

“మీ అత్తకు ఫోన్ కలుపు.”

“ఇప్పుడెందుకమ్మా.”

“కలపమంటే కలుపు. నేనేం కొట్లాడ.”

స్పీకర్ పెట్టి ఫోన్ గట్టు మీద ఉంచాను. మా ఆవిడ కళ్లు మూసుకుంది.

“వదినా, నేను. మీ ఉగ్గు సూసిన. గీ బియ్యం ఎన్నడియి?”

మా అత్త గొంతు తడబడుతూ వచ్చింది. “అయ్యో వదినా, మీరు చేసిందే మంచిదండీ. నేనేదో ఊరికే కాస్త...”

“మంచిచెడ్డ తర్వాత మాట్లాడుదం. గింజ ఎన్నడిదో చెప్పు.”

“అమ్మాయి నెల తప్పిందని ఫోన్ చేసింది చూడండి, ఆ రోజువండీ. ఇంట్లో ఉన్న బియ్యంలో కొన్ని ఒక బిందెలో పోసి, వేపాకు వేసి, మూతపెట్టి పక్కన ఉంచాను. బిడ్డ ఉగ్గు తినే వేళకు పాతబడతాయి గదా అని.” గొంతు తగ్గించి అంది. “అమ్మాయి డ్యూటీకి పోవాలి గదండీ. త్వరగా తినడం అలవాటైతే మంచిదని.”

ఉద్యోగం వద్దని అందరికంటే ఎక్కువ అడ్డం పడిన మనిషి ఆమె. బిడ్డ కడుపులో పడ్డనాడే, కూతురు మళ్లీ బస్సెక్కే రోజు కోసం గింజలు పక్కన పెట్టింది. ఆ మాట కూతురికి ఎప్పుడూ చెప్పలేదు. మా ఆవిడ పాపను నా చేతికిచ్చి, సింకు దగ్గరికి పోయి, కడిగిన గ్లాసులే మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

మా అమ్మ ఫోన్ వైపు చూస్తూ అంది. “మంచిగ చేసినవ్ వదినా. నాకు గా బుద్ధి రాలె. ఊరు నిండ బియ్యమే, పాత గింజ ఒక్కటి లేకపాయె. వచ్చినయి వచ్చినట్టే లారీలెక్కిస్తిమి.” తర్వాత గొంతు మార్చింది. “బిందెల ఇంక ఉన్నయా?”

“ఉన్నాయండీ.”

“రేపు పొద్దుగాల బస్సుకు పంపు. పిండి వద్దు, గింజలే పంపు. పప్పు నేను ఏంచుత. నువ్వు పప్పు జర మాడవెట్టినవ్.”

మా అత్త నవ్వింది. వియ్యపురాళ్లు నవ్వుకోవడం నేను వినడం అదే మొదటిసారి. పప్పు మాడలేదు, నేను చూశాను. కానీ మా అమ్మకు ఏదో ఒకటి దక్కాలి గదా.

మర్నాడు బియ్యం వచ్చాయి. అవి పసుపుపచ్చగా మారి, వేపాకు వాసన వేస్తున్నాయి. మా అమ్మ వాటిని కడిగి, పాత నూలుచీర పరిచి నీడలో ఆరబోసింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నేర్చుకోవాల్సింది నేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమే తేల్చుకుంది. బియ్యం వేరుగా, పెసరపప్పు వేరుగా, సన్నమంట మీద వేయించింది. “రంగు సూసి దింపకు. నాలుగు గింజలు అరచేతుల పోసుకో. చుర్రుమంటే అయినట్టు.” నా అరచేయి చుర్రుమంది. మిక్సీ పట్టి, జల్లించి, పిండిని ముందు చన్నీళ్లలో కలిపి అప్పుడు పొయ్యి మీద పెట్టమంది. వేడినీళ్లలో పిండి పోస్తే ఉండలు కడుతుందని తెలియక నేను ఇన్నాళ్లూ గరిటెను తిట్టుకున్నాను.

ఆ ఉగ్గు మెత్తగా, జారుగా వచ్చింది. పాప మా అమ్మ చేత్తో తింది. మింగడం ఎలాగో అప్పుడే తెలిసినట్టు, మింగిన ప్రతిసారీ ఆశ్చర్యపోయింది. మా అమ్మ సంచిలో తెచ్చిన తెల్లని సన్నబియ్యం మేం వండుకొని తిన్నాం. అన్నం ముద్దముద్దగా అయినా ఎవరూ ఏమీ అనలేదు.

ఇక్కడితో కథ సుఖాంతం కావాల్సింది. కానీ మా అమ్మకు ఇంటి దగ్గర బర్రెలున్నాయి, నాన్న ఉన్నాడు. రెండు రోజులకు మించి ఉండలేదు. ఆమె వెళ్లాక నేను చెంచా పట్టుకుంటే పాప నోరు తెరవదు. వెనక గదిలో వాళ్లమ్మ గొంతు వినబడుతుంటే ఈ ఉగ్గుతో ఏం పని అని ఏడుస్తుంది. మా ఆవిడ బాత్రూంలో దాక్కున్నా లాభం లేకపోయింది. డ్యూటీ రోజు రానే వచ్చింది. తెల్లవారే పాపకు పాలిచ్చి, యూనిఫాం వేసుకొని, గుమ్మంలో నిలబడింది.

“మధ్యాహ్నం కోదాడ నుంచి తిరిగొస్తా. బస్సు బస్టాండులో కాసేపు ఆగుతుంది. తినకపోతే ఎత్తుకొని రండి, పాలిస్తా. తిన్నా ఎత్తుకొని రండి.” మెట్టు దిగి మళ్లీ ఆగింది. “ఇవాళ తినకపోతే రేపు సెలవు పెట్టేస్తానండీ. మీరు మళ్లీ ఏం చెప్పొద్దు.”

పొద్దెక్కాక ఉగ్గు వండాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పెళ్లి కార్డూ చేయలేదు. చెంచా పెడితే పాప పెదవులు బిగించింది. వెనక గది వైపు చూసింది. అక్కడినుంచి ఎవరూ రాకపోయేసరికి ఏడుపు అందుకుంది. ఎత్తుకొని తిప్పాను. పాడాను. నా పాటకు ఏడుపు పెరిగింది. అంతలో ఎవరో ఆధార్ కార్డు జిరాక్సు కోసం వచ్చారు. పాపను ఒక చంకన, ఉగ్గు గిన్నెను ఒక చేత పట్టుకొని షాపులోకి వెళ్లి మిషన్ నొక్కాను. మూత సందులోంచి వెలుగు ఇటునుంచి అటు పాకింది. పాప ఏడుపు ఆపి, ఆ వెలుగు పోయిన దిక్కే చూస్తూ నోరు తెరిచింది.

నేను తండ్రినే కాదు, వ్యాపారిని కూడా. దొరికిన సందును వదలను. చెంచా లోపలికి పోయింది. మింగింది. వచ్చినాయన కార్డు తీసుకొని వెళ్లిపోయాక నా ఆధార్ కార్డు పెట్టి నొక్కాను. వెలుగు, నోరు, చెంచా. ఆ తర్వాత వెలుగు లేకుండానే నోరు తెరిచింది. మిషన్ మీద కాదు, నా మొహం మీద చూపు నిలిపి తింది. ఆ రోజు మా షాపులో నా ఆధార్ కార్డు కాపీలు చాలా మిగిలిపోయాయి.

గిన్నెలో కొంచెం మిగిలింది. దాన్ని డబ్బాలో పెట్టుకొని, పాపను భుజాన వేసుకొని బస్టాండుకు నడిచాను. కడుపు నిండిన బిడ్డ బరువు వేరు. సగం దారిలోనే నిద్రపోయింది. నాకు మాత్రం ఊరందరినీ ఆపి చెప్పాలనిపించింది.

కోదాడ బస్సు వచ్చింది. కిక్కిరిసిన జనం దిగేదాకా ఆగలేక ఆమె వాళ్లను తోసుకుంటూ దిగింది. చమటతో ముఖం మెరుస్తోంది. నిద్రపోతున్న పాపను చూసి ఆగిపోయింది.

“తిందా?”

“తింది.”

“మీ చేత్తోనే?”

“నా చేత్తోనే. ఇదిగో, ఇంతే మిగిలింది.”

నవ్వింది. పాప పొట్ట మీద అరచేయి పెట్టి చూసింది. నిండుగా ఉంది. అలా పెట్టిన చేయి తీయకుండానే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “తినాలనే గదా నేను ఇన్నాళ్లూ ఏడ్చింది. ఇప్పుడు తింటే ఇట్లా ఉందేంటండీ?” అంది. పాప మొహంలోకి చూస్తూ, “నాకోసం ఏడవలేదా?” అని అడిగింది.

“ఏడ్చింది.”

“బాగా?”

“బాగానే ఏడ్చింది.”

ఆ మాటకు కొంచెం కుదుటపడింది. నా చేతిలో డబ్బా తీసుకొని, చెంచాతో మిగిలిన ఉగ్గంతా నిలబడే తినేసింది. ఉప్పు లేదు, తీపి లేదు. “మా అమ్మ బియ్యం” అంది, మూతి తుడుచుకుంటూ. “మీ అమ్మ పప్పు” అని కూడా అంది. డ్రైవరు హారన్ కొట్టాడు. డబ్బా నా చేతిలో పెట్టి, పాప తల ముద్దాడి, పరుగున వెళ్లి మెట్టెక్కింది.

“రైట్, రైట్.”

బస్టాండులో ఎన్ని హారన్లు మోగినా లేవని పాప ఆ గొంతుకు కళ్లు తెరిచింది. నా భుజం మీదినుంచి తల ఎత్తి అటూ ఇటూ వెతికింది. నేను పాపను బస్సు వైపు తిప్పి పైకెత్తాను. మెట్టు మీద నిలబడి ఆమె చూసింది, పాప తనకోసమే వెతకడం చూసింది. బస్సు మలుపు తిరిగేదాకా చేయి ఊపుతూనే ఉంది. మర్నాడు సెలవు మాట ఎత్తలేదు.